రెండవ ప్రపంచ యుద్ధం – మన మెట్ట పల్లెలు – మన స్కాలర్‌షిప్పు

రెండవ ప్రపంచ యుద్ధం అనగానే మనకు హిట్లర్ మీసం, హిరోషిమా మీద పడిన అణుబాంబు, పదవ తరగతి సాంఘిక శాస్త్రంలో 'యుద్ధానికి దారి తీసిన కారణాలను వివరింపుము' అనే ప్రశ్న గుర్తుకు వస్తాయి. మేము కూడా ఈ హాస్టల్లోనే స్టడీ అవర్‌లో వరుసగా కూర్చుని ఆ జవాబును బట్టీ పట్టినవాళ్ళమే. వెర్సయిల్స్ సంధి, నాజీ వాదం, నానాజాతి సమితి వైఫల్యం, పోలండ్ మీద దాడి – నాలుగు పాయింట్లు, నాలుగు మార్కులు. ఆ యుద్ధానికీ, నందిగామ జగ్గయ్యపేట పల్లెల నుంచి ట్రంకు పెట్టె మోసుకుని ఇక్కడికి వచ్చిన మనకూ సంబంధం ఏమిటని అప్పుడు ఎవ్వరమూ అడగలేదు. మా ఇళ్ళలో డిగ్రీ పూర్తి చేసిన మొదటి తరం మేమే కాబట్టి ఇంటి దగ్గర చెప్పేవాళ్ళు కూడా లేరు. పి.జి.లో చరిత్ర చదువుతున్నప్పుడు ఒక తేదీ మమ్మల్ని ఆపేసింది. మన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు మొదలైన సంవత్సరం 1944. స్వాతంత్య్రం వచ్చింది 1947లో, రాజ్యాంగం వచ్చింది 1950లో. మరి బ్రిటిష్‌వాళ్ళు యుద్ధంలో పీకల దాకా మునిగి ఉన్న 1944లో మన చదువుకు డబ్బు ఎలా వచ్చింది? ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి నడిస్తే దారి మన ఊళ్ళ మీదుగానే పోయింది. తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఉపయోగపడుతుందని ఆ సంగతులు ఇక్కడ రాస్తున్నాము.

యుద్ధం మన దాకా వచ్చిన దారి

1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలండ్ మీద దాడి చేసింది. 3వ తేదీన బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. అదే రోజు వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం కూడా యుద్ధంలో ఉన్నట్లు ప్రకటించాడు. దేశంలో ఏ నాయకుడినీ, ఏ శాసనసభనూ అడగలేదు. దానికి నిరసనగా రాష్ట్రాలలో కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. మన జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అక్కడ రాజాజీ మంత్రివర్గం దిగిపోయి గవర్నర్ పాలన వచ్చింది, 1946 దాకా అదే సాగింది.

మొదటి రెండేళ్ళు యుద్ధం మనకు పేపరు వార్తే. 1941 డిసెంబరులో జపాన్ దిగాక మారిపోయింది. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. తెలుగువాళ్ళకు రంగూన్ పరాయి ఊరు కాదు. పాతకాలం వాళ్ళు దానిని 'రంగం' అనేవారు. కోస్తా జిల్లాల నుంచి, ముఖ్యంగా విశాఖ, గోదావరి వైపు నుంచి, వేలాది మంది ఓడలెక్కి అక్కడి రేవులోనూ, బియ్యం మిల్లుల్లోనూ కూలికి పోయారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదనే బర్మాలో తెలుగువాళ్ళను 'కొరంగీలు' అని పిలిచేవారు. రంగూన్ పడిపోయే ముందూ తరువాతా లక్షల మంది భారతీయులు అడవులు, కొండలు దాటి కాలినడకన ఇటు వచ్చారు. దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో వేలమంది చనిపోయారు. తప్పించుకోవడంలో కూడా డబ్బున్నవాడికి ఓడ టిక్కెట్టు, కూలివాడికి కొండదారి.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. తీరం వెంబడి జనం మూటలు కట్టుకుని లోపలి పల్లెలకు బయలుదేరారు. మద్రాసు నగరం సగం ఖాళీ అయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని వాల్తేరు నుంచి కొంతకాలం గుంటూరుకు మార్చవలసి వచ్చింది. మన మెట్ట మీద బాంబు పడలేదు. మన మీద పడింది వేరు.

కంట్రోలు

బర్మా నుంచి మన దేశానికి ఏటా పది లక్షల టన్నులకు పైగా బియ్యం వచ్చేది. అది ఆగిపోయింది. కిరసనాయిలు కూడా ఎక్కువ భాగం బర్మాదే. వెనక్కి తగ్గుతూ బ్రిటిష్‌వాళ్ళే అక్కడి చమురు బావులను ధ్వంసం చేశారు. దీపాలు మళ్ళీ ఆముదానికి తిరిగాయి. రైలు పెట్టెలు సైన్యానికి పోయాయి కాబట్టి ఒక జిల్లాలో ఉన్న ధాన్యం ఇంకో జిల్లాకు చేరడం కష్టమయింది. ప్రభుత్వం యుద్ధ ఖర్చు కోసం నోట్లు అచ్చు వేసింది. సామాన్లు తక్కువ, నోట్లు ఎక్కువ. 1939లో వంద రూపాయలు పెట్టి కొన్న సరుకుకు 1943 నాటికి రెండు వందలకు మించి పెట్టవలసి వచ్చింది. లోహానికి కూడా కరువే. 1940లో రూపాయి బిళ్ళలో వెండిని సగానికి తగ్గించారు. రూపాయి కాగితం నోటు మళ్ళీ తెచ్చారు. 1943లో రాగి పొదుపు కోసం కానీకి నడుమ చిల్లు పెట్టారు. ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో దేవుడి గూట్లోనో, పాత డబ్బాలోనో కనబడే చిల్లు కానీ ఆ యుద్ధం బిళ్ళే.

మన ప్రాంతం సంగతి కొంచెం విడమరిచి చెప్పుకోవాలి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ రాకముందు నందిగామ, జగ్గయ్యపేట పూర్తిగా మెట్ట. జొన్న, సజ్జ, కంది, మిరప. వరి అన్నం పండగకే. వరి పండేది కింద డెల్టాలో. కాబట్టి బర్మా బియ్యం ఆగితే మనకేం అనిపించవచ్చు. కానీ బియ్యం దొరకనప్పుడు పట్నంవాడు జొన్నలు కూడా కొంటాడు. అప్పుడు జొన్న ధర పెరుగుతుంది. గింజలు అమ్ముకునే రైతుకు నాలుగు డబ్బులు మిగులుతాయి. భూమి లేని కూలికి? కూలి గింజల్లో ముట్టే చోట కనీసం గంజికి లోటు లేదు. రొక్కంగా ఇచ్చే చోట అణాలు అవే, గింజలు సగం. గింజల్లో కూలి వచ్చినా బట్ట, కిరసనాయిలు రొక్కం పెట్టే కొనాలి. గుడ్డకు 1943లో కంట్రోలు ఆర్డరు వచ్చింది. 'స్టాండర్డు క్లాతు' అని ముతక బట్టను నిర్ణయించిన ధరకు అమ్మించారు. అదీ అందరికీ అందలేదు.

ఈ 'కంట్రోలు' అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. మా ఇళ్ళలో నాయనమ్మలు, అమ్మమ్మలు రేషన్ షాపు అనరు. 'కంట్రోలు కొట్టు' అంటారు, 'కంట్రోలు బియ్యం వచ్చినయ్యా' అని అడుగుతారు. అది ఏ భాష మాటో మాకు చిన్నప్పుడు తెలియదు. యుద్ధకాలంలో ధరల మీద, సరుకుల మీద ప్రభుత్వం పెట్టిన నియంత్రణకు పేరు కంట్రోలు. ఆ ధరకు అమ్మే దుకాణం కంట్రోలు కొట్టు. దొంగచాటుగా ఎక్కువ ధరకు అమ్మితే 'బ్లాకు'. రెండు మాటలూ అప్పుడే పల్లెల్లో దిగబడ్డాయి. యుద్ధం 1945లో అయిపోయింది, మాట మాత్రం మా నాయనమ్మల నోట ఉండిపోయింది. 2020 లాక్‌డౌనులో హాస్టళ్ళు మూసి మమ్మల్ని ఇళ్ళకు పంపినప్పుడు, కూలి పనులు లేని ఆ నెలల్లో మా గూడేల్లో పొయ్యి వెలిగించింది ఈ కంట్రోలు బియ్యమే.

సరిహద్దు సంగతి మరొకటి. ఇప్పుడు జగ్గయ్యపేట నుంచి కోదాడ బస్సెక్కితే గరికపాడు చెక్‌పోస్టు దగ్గర రాష్ట్రం మారుతుంది. 2014 నుంచి అది రెండు రాష్ట్రాల హద్దు. యుద్ధకాలంలో అది బ్రిటిష్ ఇండియాకూ, నిజాం రాజ్యానికీ హద్దు. ఇటు కల్దారు రూపాయి, అటు హాలీ రూపాయి. ఎవరి కంట్రోలు వారిది, అనుమతి లేకుండా ధాన్యం దాటకూడదు. నేడు సూర్యాపేట జిల్లాలో ఉన్న మునగాల పరగణా అప్పుడు మన కృష్ణా జిల్లాలోది. నాలుగు వైపులా నిజాం రాజ్యం, నడుమ ఈ ముక్క. 1959లో దానిని నల్గొండ జిల్లాలో కలిపారు. అటువైపు నిజాం ప్రభుత్వం రైతుల దగ్గర లెవీ గల్లా బలవంతంగా కొలిపించుకుంది. దొరల గాదెలు వదిలి చిన్న రైతు గింజల మీద పడింది. తెలంగాణ రైతాంగ పోరాటానికి ఉన్న కారణాలలో ఆ లెవీ ఒకటి. అంటే యూరపులో మొదలైన యుద్ధానికీ మన పక్క ఊళ్ళలో లేచిన పోరాటానికీ నడుమ ఒక గింజల బస్తా ఉన్నది.

బెంగాల్‌లో అయితే 1943లో కరువు వచ్చి సుమారు 30 లక్షల మంది చనిపోయారు. ఆ కరువును పరిశోధించిన అమర్త్య సేన్ 1981లో రాసిన పుస్తకంలో ఒక మాట రుజువు చేయబూనాడు. బెంగాల్‌లో 1943లో ఉన్న తిండి 1941లో ఉన్నదానికంటే తక్కువ కాదు. తిండి ఉంది, కొనే శక్తి పోయింది. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది పల్లె కూలీలు, జాలర్లు, చేతిపనులవాళ్ళు. మనవాళ్ళే అని మేము అనుకుంటాం.

1942 జూలై

ఇక అసలు విషయానికి వస్తాము. యుద్ధానికి ముందు మన సైన్యం దాదాపు 2 లక్షలు. 1945 నాటికి 25 లక్షలు. ఇంతమందిని ఎక్కడి నుంచి తెచ్చారు? 19వ శతాబ్దం చివర బ్రిటిష్‌వాళ్ళు 'యుద్ధ వీర జాతులు' అని ఒక లెక్క కట్టి, తెలుగువాళ్ళనూ, అంటరానివారనబడినవాళ్ళనూ సైన్యం నుంచి క్రమంగా తప్పించారు. అంతకు ముందు మద్రాసు సైన్యంలో మన జిల్లాలవాళ్ళు చాలామంది ఉండేవారు. యుద్ధం మెడ మీదికి వచ్చేసరికి ఆ లెక్కలన్నీ గాలికి పోయాయి. 1941లో మహర్ రెజిమెంటు ఏర్పడింది. మద్రాసు రెజిమెంటును తిరిగి లేపారు. నిన్నటి దాకా పనికిరానివాడు ఇవాళ కావలసినవాడయ్యాడు. ఫ్యాక్టరీలలోనూ అంతే, గనులలోనూ అంతే.

ఈ అవసరాన్ని బాగా గుర్తించినవారు డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్. 1942 జూలైలో ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో లేబర్ సభ్యుడయ్యారు. నేటి మాటలో చెప్పాలంటే కేంద్ర కార్మిక మంత్రి. 1946 దాకా ఆ పదవిలో ఉన్నారు. చేరిన మూడు నెలలకే, 1942 అక్టోబరు 29న, షెడ్యూల్డు కులాల ఇబ్బందుల మీద ఒక వినతిపత్రాన్ని వైస్రాయికి ఇచ్చారు. వినతిపత్రం అని పేరే గాని అందులో వేడుకోవడం లేదు, లెక్క ఉంది. ప్రభుత్వం కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి ఏటా 3 లక్షలు ఇస్తోంది, అలీఘడ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి 3 లక్షలు ఇస్తోంది. మరి షెడ్యూల్డు కులాల పై చదువులకు ఎంత ఇస్తోంది? ఉద్యోగాలలో ముస్లింలకు, ఇతర మైనారిటీలకు 1934లోనే వాటా నిర్ణయించారు. వీరికి ఎంత? ప్రాథమిక పాఠశాల ఒక్కటే చాలదు, ఉన్నత విద్య చదివి అధికారం ఉన్న కుర్చీలలో కూర్చున్నప్పుడే కింద ఉన్నవాడికి న్యాయం అందుతుందని ఆయన వాదన.

ఫలితం త్వరగానే వచ్చింది. 1943 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగ నియామకాలలో షెడ్యూల్డు కులాలకు 8.33 శాతం కేటాయించారు. అంటే పన్నెండింటికి ఒకటి. 1946లో అది 12.5 శాతం, ఎనిమిదింటికి ఒకటి అయింది. 1944లో పై చదువుల స్కాలర్‌షిప్పులకు ఏటా 3 లక్షల రూపాయలు మంజూరు చేశారు. కాశీకి ఎంతో, అలీఘడ్‌కు ఎంతో, అంతే. కొందరిని విదేశాలకు కూడా పంపారు. అదే ఏడాది సెప్టెంబరులో బాబాసాహెబ్ మన ఆంధ్ర జిల్లాలలో పర్యటించారు. యుద్ధం నుంచి తిరిగివచ్చే సైనికులకు పని చూపడానికి 1945లో ఆయన శాఖ కింద మొదలయిన ఆఫీసులే, డిగ్రీ కాగానే మనం ఫారం నింపి కార్డు తెచ్చుకునే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు. కార్డు రెన్యువల్ తప్ప అక్కడి నుంచి మాకు ఇంతవరకూ ఏమీ రాలేదు, అది వేరే వ్యాసం.

హాస్టళ్ళ చరిత్ర వేరు అని కూడా చెప్పాలి. రెండూ ఒకటే అనుకునేవాళ్ళు మనలో ఉన్నారు. హాస్టళ్ళు మద్రాసు రాష్ట్రంలో మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఏర్పడిన లేబర్ కమిషనర్ శాఖ నడిపిన బడుల, వసతి గృహాల నుంచి వచ్చాయి. స్కాలర్‌షిప్పు ఢిల్లీ నుంచి, 1944 నుంచి వచ్చింది. మనం తినే అన్నానికీ, మనం కట్టే ఫీజుకూ వంశవృక్షాలు వేరు వేరు.

ఒక వాదన

ఈ విషయాలు గదుల్లో మాట్లాడుకుంటున్నప్పుడు మాలో ఎప్పుడూ ఒక గొడవ వచ్చేది. 1942 ఆగస్టులో దేశమంతా క్విట్ ఇండియా అని జైళ్ళకు పోతోంది. ఆగస్టు 12న తెనాలిలో పోలీసు కాల్పులు జరిగాయి. అలాంటి సమయంలో అంబేద్కర్ వైస్రాయి మండలిలో కూర్చోవడం సరైనదేనా అని కొందరు అడిగేవారు. అదే సంవత్సరం జూలైలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తివేశారు. హిట్లర్ 1941 జూన్‌లో రష్యా మీద పడ్డాక ఇది 'ప్రజాయుద్ధం' అని ఆ పార్టీ అన్నది. బెజవాడ నుంచి 'ప్రజాశక్తి' పత్రిక 1942లోనే మొదలయింది. మన జిల్లాలో రైతు సంఘాలు, కూలి సంఘాలు పెరిగింది ఆ కాలంలోనే. 1944లో అఖిల భారత కిసాన్ సభ బెజవాడలో జరిగింది. అంటే ఒకే జిల్లాలో ఒకరు జైలులో, ఒకరు సంఘంలో, ఒకరు సైన్యంలో. ఎవరు దేశభక్తులు?

మా అభిప్రాయం మేము చెబుతాము, ఒప్పుకోని వారు వచ్చే సంచికలో రాయవచ్చు. జైలుకు పోయినవారి త్యాగం చిన్నది కాదు. కానీ స్వరాజ్యం వచ్చాక చూద్దాంలే అనే మాట మనవాళ్ళు అప్పటికే చాలాసార్లు విని ఉన్నారు. వచ్చే ప్రభుత్వం ఏదైనా, దాని ఆఫీసుల్లో మనవాళ్ళు కూర్చోవాలంటే అప్పటికే చదివి సిద్ధంగా ఉండాలి. బి.ఏ. చదవడానికి నాలుగేళ్ళు పడుతుంది. 1944లో మొదలుపెడితేనే 1948కి ఒకడు తయారవుతాడు. బాబాసాహెబ్ లెక్క అదే అని మేము అనుకుంటున్నాము.

అయితే దీనిని పట్టుకుని యుద్ధం మనకు మేలు చేసిందని మాత్రం అనకూడదు. మాలో ఒకరు సెమినార్‌లో అలాగే అంటే మా మాస్టారు బెంగాల్ సంగతి ఏమిటని అడిగారు. జవాబు లేకపోయింది. యుద్ధం ఎవరికీ ఏమీ ఇవ్వదు. ఆ రోజుల్లో ప్రభుత్వానికి మనుషులు కావలసి వచ్చారు. కావలసి వచ్చిన రోజున అడిగేవాడు అక్కడ ఉన్నాడు. ప్రభుత్వానికి అదే అవసరం మొదటి యుద్ధంలోనూ ఉంది. అప్పుడు 13 లక్షల మంది భారతీయులు పోయారు. ఆ యుద్ధం తరువాత వచ్చిన 1919 చట్టం కింద మద్రాసు శాసనసభలో ఎం.సి. రాజా నామినేటెడ్ సభ్యుడయ్యారు. కుర్చీ వచ్చింది, అదీ దయతో. రెండవసారి కూర్చున్నవాడి చేతిలో శాఖ ఉంది, ఫైలు ఉంది. తేడా అక్కడ.

తరువాతి సంగతులు మీ పుస్తకంలో ఉన్నవే. 1945 మే నెలలో జర్మనీ, ఆగస్టులో జపాన్ లొంగిపోయాయి. గెలిచిన బ్రిటన్ అప్పులపాలయింది, ఆ అప్పులో పెద్ద భాగం మన దేశానికే బాకీ. ఆజాద్ హింద్ ఫౌజ్ విచారణలు, 1946 ఫిబ్రవరిలో బొంబాయి నావికుల తిరుగుబాటు చూశాక సైన్యాన్ని నమ్ముకుని ఇక్కడ ఉండలేమని వాళ్ళకు తెలిసింది. 1945లో ఏర్పడిన ఐక్యరాజ్యసమితిలో స్వతంత్రం రాకముందే భారతదేశం వ్యవస్థాపక సభ్యురాలు. ఇవన్నీ గ్రూప్-2కు కూడా వస్తాయి, చదువుకోండి.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాశామంటే, కాలేజీలో ఫీజు వరుసలో నిలబడ్డప్పుడు 'మీకేమిరా, అంతా ఫ్రీ' అనే మాట మాలో ప్రతి ఒక్కరమూ విన్నాము. బకాయి రాలేదని ఒక కాలేజీవాళ్ళు సర్టిఫికెట్లు ఆపితే ఆరు నెలలు తిరిగినవాళ్ళమూ మాలో ఉన్నాము. అప్పుడు తల వంచుకుని నిలబడ్డాము, చెప్పడానికి మా దగ్గర మాట లేక. ఇప్పుడు తేదీలు ఉన్నాయి. 1942 అక్టోబరు 29, 1943 ఆగస్టు, 1944. ఇంకా వివరంగా కావాలంటే మహారాష్ట్ర ప్రభుత్వం ప్రచురించిన బాబాసాహెబ్ రచనలు, ప్రసంగాల సంపుటాలలో 10వ సంపుటం చూడండి. ఆయన లేబర్ సభ్యుడిగా చేసిన పనంతా అందులో ఉంది, ఈ వినతిపత్రంతో సహా. ఇంగ్లీషులో ఉంటుంది, భయపడవద్దు. ముగ్గురు కలిసి ఒక డిక్షనరీ పెట్టుకుని కూర్చుంటే వారంలో ఆ భాగం అయిపోతుంది, మేము అలాగే చదివాము.

పదవ తరగతి తమ్ముళ్ళకు ఒక చిన్న సూచన. 'రెండవ ప్రపంచ యుద్ధ ఫలితాలు' అని ప్రశ్న వస్తే ముందు పుస్తకంలో ఉన్నవి రాయండి – ఐక్యరాజ్యసమితి, ప్రచ్ఛన్న యుద్ధం, వలసలకు స్వాతంత్య్రం, అణ్వాయుధాలు. మార్కులు వాటికే వేస్తారు. తరువాత ఒక లైను వదిలి ఐదవ పాయింటుగా 1944 స్కాలర్‌షిప్పు సంగతి రాయండి. దానికి మార్కు వేస్తారో వేయరో మేము చెప్పలేము. దిద్దే మాస్టారు కూడా ఏదో ఒక హాస్టల్లో చదివినవారైతే వేస్తారు.